భూప్రదక్షిణ

సింహాచలం గిరిప్రదక్షిణ చేసినవారికి ఈ నియమం కొత్త కాదు: ఒకే దిక్కున నడవాలి, బయలుదేరిన చోటికే చేరాలి. 1997లో ఏర్పడిన స్టార్ అలయన్స్ విమాన కూటమివారి భూప్రదక్షిణ టిక్కెట్టుదీ దాదాపు అదే పద్ధతి. తూర్పుకైతే తూర్పుకే, అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాలు ఒక్కొక్కసారే దాటాలి, 16 విమానాలకు మించరాదు, ఏడాదిలోగా బయలుదేరిన దేశానికి తిరిగి రావాలి.

రుషికొండ ఇసుకలో మూడు ముసలి జంటలు పటం పరిచాయి. పిల్లలు సిడ్నీ, డల్లాస్, లండన్‌లలో ఉన్నారు. తూర్పుగా సాగితే వరుస చక్కగా కుదిరింది. పేచీ రోజుల దగ్గర వచ్చింది. మనుమణ్ణి వదిలి వారానికే కదలమంటే ఏ బామ్మ కదులుతుంది? కదలనక్కరలేదు. టిక్కెట్టు ఎవరిది వారిదే. సీటుంటే తేదీ మార్చుకోవచ్చు, దిక్కు మాత్రం మార్చరాదు. తక్కినవారు ముందుకు సాగవచ్చు. కనుక బృందం మొదట తేల్చుకోవలసింది ఊళ్లు కావు. ఎవరు ఎక్కడ ఆగినా నొచ్చుకోమన్న మాట!