స్త్రీల క్రీడలు – మోకాలి గాయములు

2023వ సంవత్సరమున ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములలో జరిగిన స్త్రీల ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకు ఇంగ్లండు నాయకురాలు లియా విలియమ్సన్, ఆ జట్టులోని బెత్ మీడ్, నెదర్లాండ్సు క్రీడాకారిణి వివియానె మీడెమా దూరము కావలసివచ్చెను. మువ్వురికిని తెగినది మోకాలి యెముకలను బిగించియుంచు ముందరి లిగమెంటు. పురుషులకంటె స్త్రీలకు ఈ గాయము రెండు మూడు రెట్లు అధికమని వైద్యులు చెప్పుచున్నారు.

ఈ లిగమెంటుపై ఈస్ట్రోజెన్ హార్మోను ప్రభావము కలదు. అండము విడుదలయగు దినములలో కీలు కొంత సడలునని కొన్ని పరిశోధనలు తెలుపుచున్నవి. అయినను ఆ సడలింపే గాయమునకు హేతువని రుజువు కాలేదు. ఈ విషయమును శోధించుటకై ఫిఫా సంస్థ లండనులోని కింగ్‌స్టన్ విశ్వవిద్యాలయమునకు ధనసహాయము ప్రకటించినది.

హార్మోనుల పేరు చెప్పి బాలికలను మైదానమునుండి మరలింపజూచువారితో మేము ఏకీభవింపజాలము. శరీరధర్మము దోషము కాదు. దుమికి దిగునపుడు మోకాలు లోనికి వంగకుండ నేర్పుచు, తొడకండరములకు బలమిచ్చు వ్యాయామములను ఆటకు ముందు ఇరువది నిమిషములు క్రమముగా చేయించినచో గాయములు తగ్గునని తేలినది. 2025 నవంబరులో మన స్త్రీలు క్రికెట్టున ప్రపంచవిజేతలైరి. వారిని కీర్తించుటతోనే మన విధి తీరదు. ప్రతి పాఠశాలయందును బాలికలకు ఈ శిక్షణ నొసగవలయును. ఇందులకు ధనముకంటె శ్రద్ధయే ముఖ్యము.