ఆచారాలు ఏజెన్సీకేనా?

రాజమండ్రిలో మానవశాస్త్రం మాటెత్తితే పెద్దమనుషుల చూపు రంపచోడవరం వైపు తిరుగుతుంది. ఆచారాలు కొండల్లో, నాగరికత డెల్టాలో అని లెక్క. చదువుకున్నవాళ్ళు కూడా దీన్నే శాస్త్రమనుకుంటున్నారు. కాదు.

ఈ భ్రమకు పుస్తకాలూ కొంత సాయపడ్డాయి. 1909లో దక్షిణాది కులాలను, తెగలను ఏడు సంపుటాలకెక్కించిన థర్‌స్టన్ మనుషుల ముక్కులు కూడా కొలిచాడు. పాపికొండల కొండరెడ్ల మీద మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ పుస్తకం 1945లో వచ్చింది. ఆయన దగ్గర మనవాళ్ళు తెగ పేరు పట్టుకుని పద్ధతిని వదిలేశారు. మనుషుల మధ్య ఉండి, వాళ్ళ బతుకు వాళ్ళ నోటే వినడం ఆ పద్ధతి. దానికి కొండైనా పల్లమైనా ఒకటే.

1958లో మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ బాలి ద్వీపంలో కోడిపందెం చూస్తుండగా పోలీసులు దాడి చేశారు. ఊరివాళ్ళతోపాటు ఆయనా, భార్యా పరుగెత్తారు. అప్పటిదాకా పట్టించుకోని ఊరు మర్నాటి నుంచి వాళ్ళతో మాట్లాడింది. పందేల వెనక బంధుత్వాలు వెతికిన గీర్ట్జ్, తన వంశంవాడి కోడికి ఎదురు ఎవరూ కాయరని గమనించాడు.

ఇదే చూపు సంక్రాంతికి భీమవరం బరుల మీద పెట్టండి. డేగ కోడి మీద కాసిన డబ్బు ఎవరిది? పై పందేలు ఎవరితో ఎవరు కాస్తారు? కత్తి కట్టేవాడిది ఏ పేట? కోస, అంటే ఓడి చచ్చిన కోడి, ఎవరింటికి పోతుంది? ఫ్లడ్‌లైట్లు, పెద్ద తెరలు వచ్చి చేరిన బరిని ‘తాతల నాటిది’ అంటున్నదెవరు? 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉండగానే ఇది ఏటా ఎలా సాగుతోంది? ఇవేవీ అడక్కుండా ఒకరు సంప్రదాయం అంటారు, మరొకరు అనాగరికం అంటారు. ఇద్దరికీ బరి దగ్గరకెళ్ళి చూసే శ్రమ తప్పింది.

నాకు ఒళ్ళు మండేది ఇంకోచోట. కొండల్లో పోడు సాగు అనగానే ‘అడవి నరుకుతున్నారు’ అని నిమిషంలో తీర్పు చెప్పే పెద్దమనిషే, తన కోడికి కత్తి కట్టేటప్పుడు ‘మా సంస్కృతిని బయటివాళ్ళు అర్థం చేసుకోవాలి’ అంటాడు. ఏ ఆచారాన్నైనా దాని లోపలి నుంచి అర్థం చేసుకోవాలనే సాంస్కృతిక సాపేక్షవాదం ఆయన గడప దాటదు. సాగుచేసిన చోటును అడవి మళ్ళీ ఎదిగేదాకా వదిలేసే లెక్క పోడులో ఉందని వినే ఓపికా ఉండదు. అర్థం చేసుకున్నంత మాత్రాన మాఫీ చేసినట్టూ కాదు. పోడునైనా పందేన్నైనా తప్పుపట్టవచ్చు, ముందు వినాలి.

మారేడుమిల్లి నుంచి చదువుకున్న ఓ కొండరెడ్డి అమ్మాయినో అబ్బాయినో నోటుబుక్కిచ్చి భీమవరం పంపాలి. పండగ మూడు రోజులకు కాదు, ఏడాదికి. చేపల చెరువులు, కౌళ్ళు, పెళ్ళి సంబంధాలు తెలిస్తే తప్ప పందెం తెలియదు. ఖర్చు డెల్టాయే పెట్టుకోవాలి.