తుపాకీ వాళ్లది, లెక్క ఎవరిది?

దోమకొండ కోట ముందు రీల్ చేసినోళ్లు మనలో చాలామందే ఉంటారు. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ అవార్డు వచ్చాక క్రేజ్ ఇంకా పెరిగింది. ఈసారి వెళ్తే, ఊళ్లో తొంభైకి దగ్గరపడ్డ తాత ఎవరైనా కనిపిస్తే 'రజాకార్లు' అన్న ఒక్క మాట అని చూడండి. తను చూసిందో, తన నాయన చెప్పిందో ఒక కథ బయటికొస్తుంది.

రజాకార్ అంటే స్వచ్ఛంద సేవకుడు. మన భాషలో వాలంటీర్. మరి వాలంటీర్ చేతికి తుపాకీ ఎందుకొచ్చింది?

1947లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు హైదరాబాద్ విడి దేశంగా ఉండాలని ఆశ. చుట్టూ చూస్తే భారతదేశం. లోపల ఒకవైపు విలీనం కావాలనే ఉద్యమం, ఇంకోవైపు నల్లగొండ, వరంగల్ పల్లెల్లో కమ్యూనిస్టుల సాయుధ పోరాటం. సొంత సైన్యాన్ని పంపి ఊళ్లను అణిస్తే రేపు జవాబు చెప్పాలి. అదే పని మజ్లిస్ పార్టీ వాలంటీర్లు చేస్తే 'వాళ్లు మా సైన్యం కాదు' అని తప్పించుకోవచ్చు. కిటుకంతా అక్కడే ఉంది.

లాతూరు వకీలు ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు పట్టపగలే కవాతు చేశారు. పోలీసులతో కలిసి ఊళ్ల మీద పడ్డారు. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో ఒక్క రోజులోనే దాదాపు వంద మంది చనిపోయారు. ఆ ఊరు ఇప్పుడు మన పక్క జిల్లా సిద్దిపేటలో ఉంది. అంతకు కొద్ది రోజుల ముందే, విలీనమే మేలని రాసిన 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాద్‌లో దారికాచి చంపారు. ఆయన కూడా ముస్లిమే.

ఇందులో ట్విస్ట్ ఏంటంటే, నిజాం కూడా వాళ్ల చేతిలో ఇరుక్కున్నాడు. 1947 అక్టోబర్ 27 తెల్లవారుజామున, ఒప్పందం కోసం ఢిల్లీ వెళ్లాల్సిన ప్రధాని ఛత్తారీ నవాబు ఇంటిని రజ్వీ మనుషులు చుట్టుముట్టారు. ప్రయాణం ఆగింది. ఛత్తారీ తప్పుకున్నాడు, రజ్వీకి నచ్చిన లాయక్ అలీ ప్రధాని అయ్యాడు. చర్చల దారులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న అంతా ముగిసింది. 23న నిజాం రేడియోలో మాట్లాడుతూ తప్పంతా రజ్వీ బృందానిదే, తనను నిస్సహాయుణ్ని చేసిందన్నాడు.

ఈ ఆట ఇప్పటికీ నడుస్తోంది. వాగ్నర్‌తో మాకు సంబంధం లేదని రష్యా ఏళ్ల తరబడి చెప్పింది. 2023 జూన్‌లో అదే వాగ్నర్ మాస్కో వైపు తిరగబడ్డాక, దాన్ని పోషించింది ప్రభుత్వమేనని పుతినే ఒప్పుకున్నాడు. మన పక్కనే ఛత్తీస్‌గఢ్‌లో 2005లో సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు వదిలిన ఆదివాసీలు ఖమ్మం అడవులకు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి మావోయిస్టుల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తేల్చింది.

మళ్లీ మన కథకొద్దాం. రజ్వీ 1957 దాకా జైల్లో ఉండి పాకిస్థాన్ వెళ్లిపోయాడు. నిజాం 1950లో రాజప్రముఖ్ అయ్యాడు. పోలీస్ చర్య తర్వాత జరిగిన ప్రతీకార హింసలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. వాళ్లలో ఎక్కువమంది రజాకార్లతో ఏ సంబంధమూ లేని మామూలు ముస్లింలు.

అందుకే ఫోన్‌లో ఏ దేశం వార్త వచ్చినా, 'వాళ్లు మావాళ్లు కాదు' అని ఏ సర్కారైనా అంటే ఒక్క క్షణం ఆగండి. వాళ్ల తూటాలకు డబ్బులు ఎవరిస్తున్నారో అడగండి. జవాబు దొరక్కపోతే, లెక్క చివరికి ఎవరి మీద పడుతుందో దోమకొండలో ఆ తాత చెప్తాడు.