కుండీ తోటకూ విత్తన ప్రమాణం కావాలి

రైతుకు విత్తనం కిలోలలో, ఎకరాలలో లెక్క. కుండీలో కూరగాయలు పెంచే నగరవాసికి అది గింజలలో లెక్క. విత్తన నాణ్యతపై మన విస్తరణ సాహిత్యం మొదటి లెక్కనే పట్టుకొని రెండవదాన్ని విడిచిపెడుతున్నదని నా అభిప్రాయం.

సికింద్రాబాదులోని పద్మారావు నగర్‌నే తీసుకుందాం. స్కందగిరి ఆలయ పరిసరాల్లో పెరడున్న పాత ఇళ్ళ స్థానంలో అపార్టుమెంట్లు వెలిశాయి. పెరడు మిద్దెపైకి, బాల్కనీలోకి చేరింది. అక్కడివారు కొనేది రంగుల బొమ్మ ఉన్న చిన్న పొట్లం, లేదా తోపుడు బండి మీది పాలిథిన్ సంచిలోని నారు మొక్క. పొట్లంపై పరీక్ష తేదీని వెదకి పట్టుకోవాలి. మొక్కకైతే తరచుగా రకం పేరే ఉండదు; 'టమాట' అంటే టమాట, అంతే.

విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం కనీస మొలకశాతం టమాట, వంగలకు 70, బెండకు 65, మిరపకు 60. పొలంలో ఈ లోటును విత్తన మోతాదు పూడుస్తుంది. కుండీలో ఆ వెసులుబాటు లేదు. 65 శాతం మొలకెత్తే బెండను కుండీకి రెండు గింజల చొప్పున వేస్తే సుమారు 12 శాతం కుండీలు, అనగా ఎనిమిదింట ఒకటి, ఖాళీగా మిగులుతాయి. మూడేసి వేస్తే అది 4 శాతానికి దిగుతుంది. ఇది ప్రయోగశాల పరిస్థితులలోని మాట. వేసవి మిద్దెపై ఫలితం ఇంకా తక్కువే. 'కుండీకి రెండు మూడు గింజలు' అని యథాలాపంగా రాసే మన కరపత్రాలకు ఆ రెండుకూ మూడుకూ మధ్య ఎంత దూరమున్నదో పట్టలేదు.

పొట్లంలో ఉన్నవే పది గింజలైతే మొలక పరీక్షకు వేరుగా తీసే వీలుండదు. అప్పుడు అన్నింటినీ తడిగుడ్డలో చుట్టి, మొలక కనిపించినవాటినే నాటడం మేలు. వరికి మండె కట్టే రైతుకు ఇది కొత్త సంగతి కాదు. మిగిలిన గింజల నిల్వకు హారింగ్టన్ సూత్రం చాలు: విత్తనంలో తేమ ఒక శాతం తగ్గినా, నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ తగ్గినా, జీవితకాలం సుమారు రెట్టింపవుతుంది. వంటింటి అలమరలో పొయ్యి పక్కన ఉంచిన పొట్లం మరుసటి ఏడాది ఎందుకు మొలవదో దీనితో తెలుస్తుంది.

నారు విషయం మరింత క్లిష్టమైనది. నర్సరీలో పూత, పిందె ఉన్న టమాట మొక్కే కంటికి ఇంపుగా కనిపిస్తుంది. శాస్త్రరీత్యా ఎన్నుకోదగనిది అదే. చిన్న సంచిలో వేళ్ళు చుట్టలు చుట్టుకొని, వయసు మీరి, తొందరపడి పూసిన మొక్క అది. 25 నుంచి 30 రోజుల వయసుతో, కణుపుల మధ్య దూరం తక్కువగా, కాండం గట్టిగా, వేళ్ళు తెల్లగా ఉన్న మొక్క పొట్టిగా కనిపించినా దానినే తీసుకోవాలి. మిరపకు 35 నుంచి 40 రోజులు పట్టవచ్చు. ఆకును తిప్పి అడుగు భాగం చూడనిదే డబ్బు ఇవ్వరాదు. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్‌కు మందు లేదు. అలాంటి మొక్క ఒక్కటి ఇంటికి వస్తే, తెల్లదోమ ద్వారా మిద్దెపైని తక్కిన టమాటలకూ ముప్పే. ఇక బెండ, చిక్కుడు, బీర, సొరలను నారుగా కొనడం నాకు సమ్మతం కాదు. అవి నేరుగా విత్తుకొనేవి.

1966 విత్తన చట్టం 'విత్తనం' అన్న మాటకిచ్చిన నిర్వచనంలో ఆహార పంటల నారు మొక్కలు కూడా ఉన్నాయి. అరవై ఏళ్ళ కిందటి చట్టానికి ఉన్న ఆ చూపు మన శిక్షణలో కనిపించదు. ధ్రువీకృత విత్తనపు నీలి ట్యాగు, సత్యసూచిక విత్తనపు ఆకుపచ్చ లేబులు మన విద్యార్థులు పరీక్షలో తప్పక రాస్తారు. తోపుడు బండి దగ్గర ఏమి అడగాలో మాత్రం చెప్పలేరు.

కనుక నా ప్రతిపాదన ఇది. ఇంటిపంటల కోసం పంచే ప్రతి విత్తన కిట్టుపైనా మొలకశాతం, పరీక్ష తేదీలతోపాటు గింజల సంఖ్య, కుండీకి వేయవలసిన గింజల లెక్క తెలుగులో ముద్రించాలి. నారు ట్రేకు రకం పేరు, విత్తిన తేదీ రాసిన చీటీ ఉండాలి; దీనికయ్యే ఖర్చు ఒక పెన్సిలు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమానికి వెళ్ళే విద్యార్థులు అంతకుముందే ఒక వారం నగరంలోని నర్సరీలను, మిద్దెతోటలను తిరిగి, దొరికే పొట్లాలకు మొలక పరీక్ష చేసి, ఫలితాలను ఈ పత్రికకే పంపవచ్చు. పద్మారావు నగర్ నుంచి మొదలుపెడతామంటే నర్సరీల దారి నేను చూపుతాను.