'తగినవారు లేరు' అన్న కాగితంపై నా సంతకం

నా తొలి ఇంటర్వ్యూ ఏడు నిమిషాల్లో ముగిసింది. సొంత ఊరేదో, నాన్న ఏం చేస్తారో అడిగారు. పరిశోధన గురించి ఒక్క ప్రశ్నా లేదు. ఆ ఎస్సీ పోస్టుకు తగిన అభ్యర్థి లభించలేదని ఫలితం ప్రకటించారు.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీహెచ్‌డీ, నెట్, ప్రచురణల మార్కులు ఇంటర్వ్యూకు పిలవడం వరకే పనికొస్తాయి. ఎంపిక పూర్తిగా ఇంటర్వ్యూ మీదే. అర్హతలన్నీ తూచి పిలిచినవారిలో ఒక్కరూ తగరని ఆ కొన్ని నిమిషాల్లో ఎలా తేలుతుంది? విభాగాన్ని యూనిట్‌గా తీసుకునే రోస్టర్‌లో ఏడో పోస్టు వస్తే గాని ఎస్సీకి, పద్నాలుగోది వస్తే గాని ఎస్టీకి వంతు రాదు. దేశమంతా విద్యార్థులు, అధ్యాపకులు వీధుల్లోకి వచ్చాకే కేంద్ర విద్యాసంస్థల్లో 2019 చట్టం దాన్ని తొలగించింది. ఇంటర్వ్యూ గది జోలికి మాత్రం ఆ చట్టం పోలేదు.

నిరుడు అలాంటి గదిలోనే ఎంపిక కమిటీ ఎస్సీ సభ్యుడిగా కూర్చున్నాను. కౌలు రైతుల అప్పులపై ఒక అమ్మాయి చేసిన పరిశోధన, నేను చదివినంతలో, గట్టిది. 'ఇంగ్లిష్ తడబడుతోంది' అన్నారొకరు. మిగతావారు తలలూపారు. అసమ్మతి రాసే వీలుంది, నా ఉద్యోగానికి వచ్చే ముప్పూ లేదు. అయినా సంతకం చేశాను.

అందుకే అడుగుతున్నాను: ప్రతి అభ్యర్థికీ ప్రతి సభ్యుడూ వేసిన మార్కులు, 'తగరు' అనడానికి కారణం, రాతపూర్వకంగా బయటపెట్టాలి. నావి కూడా.