పెన్నేటి వరద లెక్కను నీళ్లతో సరిచూడాలని కోరుతూ వినతిపత్రం

వైఎస్సార్ కడప జిల్లా కలెక్టర్ గారికి, జలవనరుల శాఖ చీఫ్ ఇంజనీర్ గారికి
ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల రైతులు, ఇంజనీరింగ్ అధ్యాపకులు, విద్యార్థులు సమర్పించుకుంటున్న విన్నపం.

అయ్యా,

2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టుకు ఎగువన పింఛా జలాశయం కట్ట తెగింది. 19వ తేదీన చెయ్యేటి వరదకు ఆ ప్రాజెక్టు మట్టికట్ట కూడా కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేటల్లో మనుషులు, పశువులు, ఇళ్లు పోయాయి. మా పెన్నేటి వైపూ జలాశయాలు ఒకదాని కింద ఒకటున్నాయి: చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, గండికోట, మైలవరం. వాటి కింద జమ్మలమడుగు, ప్రొద్దుటూరు. ఒక్క గండికోట సామర్థ్యమే 26.85 టీఎంసీలు.

కట్ట తెగితే ఏ ఊరికి ఎంతసేపట్లో, ఎంత ఎత్తున నీరొస్తుందో కంప్యూటరు లెక్కలతో ముంపు పటాలు గీస్తారు. ఆ లెక్క వద్దని మేము అనడం లేదు. ప్రాణాలు దాని మీద పెట్టే ముందు నీళ్లతో సరిచూడమంటున్నాం. లెక్కలో ఏటి అడుగు గరుకుదనానికి ఒక అంకె వేస్తారు. ఒట్టి ఇసుక ఉన్నచోటా, కంపచెట్లు కమ్ముకున్నచోటా ఆ అంకె ఒకటి కాదు. పాత వరదకు సరిపోయేదాకా దాన్ని జరిపి, మళ్లీ ఆ వరదనే సాక్ష్యంగా చూపితే అది రుజువు కాదు.

ఫ్రాన్సులో 1959 డిసెంబరు 2న మాల్పాసె ఆనకట్ట కూలింది. 1964లో ఆ లోయను 400వ వంతు నమూనాగా కట్టి నీరు వదిలి కొలిచారు. వరద సాఫ్ట్‌వేర్లను నేటికీ ఆ కొలతలతో సరిచూస్తున్నారు.

మైలవరం ఆనకట్టకు, దాని దిగువ ఏటికి పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రంలో నూరో వంతు నమూనా కట్టించండి. అందులో లక్ష క్యూసెక్కుల వరద ఒక్క క్యూసెక్కుతో, అంటే సెకనుకు 28 లీటర్లతో సరిపోతుంది. పది గంటల వరద గంటలో సాగుతుంది. నీరు వదలకముందే కంప్యూటరు జవాబును సీలు వేసి కలెక్టరేటులో ఉంచాలి. లెక్క కోసం ఏటిని విభజించిన గడులను ఇంకా చిన్నవి చేసినా జవాబు మారడం లేదని అందులోనే చూపాలి. నమూనాలో ఇసుక కోత అసలు ఏటిలోలా జరగదు, ఆ సంగతి నివేదికలో దాచకూడదు.

ప్రొద్దుటూరులోని యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాలకు, పులివెందుల జేఎన్‌టీయూ కళాశాలకు ఈ పరీక్షలకు పనికొచ్చే గాజు గోడల కాలువలు, కెమెరాలు మంజూరు చేయండి. కాలువ తలుపు ఒక్కసారిగా ఎత్తి నీటి పరుగును కొలిచే పని మా పిల్లలు చేయగలరు.

లెక్కకూ కొలతకూ ఎంత తేడా వచ్చిందో ముంపు పటం మీదే తెలుగులో అచ్చువేసి ప్రతి గ్రామ సచివాలయంలో అంటించాలి. గంటలో వస్తుందన్న నీరు ముప్పావు గంటకే రావచ్చని తేలితే, ఊరు ఖాళీ చేయించే వేళ ఆ మేరకు ముందుకు జరపాలి. నమూనాకు ఉత్తర్వులు వచ్చే వానలకు ముందే ఇప్పించవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
పెన్నేటి తీర ప్రజలు