చింతగింజల లెక్క



మీ ఇంట్లో నాలుగైదేళ్ళ తమ్ముడో, చెల్లెలో ఉంటే ఈ నెల ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. "ఎంతదాకా లెక్కపెట్టగలవురా?" అని తమ్ముణ్ణి అడగండి. వాడు ఊపిరి తిప్పుకోకుండా ఒకటి నుంచి ఇరవై దాకా అప్పజెప్పేస్తాడు. ఇంట్లో అందరూ మురిసిపోతారు. తరవాత వాడి ముందు దోసెడు చింతగింజలు పోసి, "ఇందులో ఏడు గింజలు నాకియ్యి" అనండి. వాడు గుప్పెడు గింజలు తీసి మీ చేతిలో పోసినా పోస్తాడు!

అప్పుడు మీరు నవ్వకూడదు. వాణ్ణి మొద్దు అనకూడదు. ఎందుకంటే, అంకెలు వల్లించటం వేరు, లెక్కపెట్టటం వేరు. లెక్కపెట్టాలంటే మూడు సంగతులు తెలియాలి. ఒక్కొక్క గింజకు ఒక్కొక్క అంకె మాత్రమే చెప్పాలి. అంకెలను ఎప్పుడూ ఒకే వరసలో చెప్పాలి. చివర చెప్పిన అంకే మొత్తం గింజల సంఖ్య అని గ్రహించాలి. గెల్మన్, గాలిస్టెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు 1978లో ప్రచురించిన పుస్తకంలో ఈ సంగతులను వివరించారు. గింజలన్నీ లెక్కపెట్టాక "మొత్తం ఎన్ని?" అని అడిగితే, కొందరు పిల్లలు జవాబు చెప్పక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతారు. వారికి మూడో సంగతి ఇంకా పట్టుబడలేదన్నమాట.

మరి నేర్పటం ఎట్లా? పలకా బలపమూ అక్కర్లేదు. బెంగుళూరు నుంచి ధర్మవరం వచ్చే రైలెక్కితే ముందు హిందూపురం, తరవాత పెనుకొండ, చివరకు ధర్మవరం వస్తాయి. ఈ మూడు ఊళ్ళలోనూ లెక్కల బడి సిద్ధంగానే ఉంది.

హిందూపురం చింతపండు మార్కెట్టుకు పేరుపొందిన ఊరు. చింతకాయలు కొట్టి గింజలు తీసే రోజుల్లో అవ్వనడిగి ఒక దోసెడు గింజలు దాచుకోండి. తమ్ముణ్ణి ఒక్కొక్క గింజనే ఎడమవైపు నుంచి కుడివైపుకు జరుపుతూ అంకె చెప్పమనండి. జరిపిన గింజను మళ్ళీ ముట్టుకోడు కనక లెక్క తప్పదు. ముందు అయిదు, తరవాత ఏడు, ఆ పైన పది. వామనగుంటలు ఆడించండి. గుంటకొక గింజ చొప్పున వేసుకుంటూ పోవటంలో మొదటి సంగతి దానంతట అదే వస్తుంది. మూడేళ్ళలోపు పిల్లలకు మాత్రం గింజలు ఇవ్వకండి. నోట్లోనో, ముక్కులోనో పెట్టుకుంటారు.

ఇంకొక తమాషా. ఆరేసి గింజలు రెండు వరసలుగా, ఎదురెదురుగా పేర్చండి. "రెండూ సమానమేనా?" అంటే తమ్ముడు అవునంటాడు. వాడు చూస్తుండగానే ఒక వరసను ఎడంగా జరపండి. ఇప్పుడడిగితే, పొడుగు వరసలోనే ఎక్కువ ఉన్నాయని అనవచ్చు! స్విట్జర్లాండు దేశస్థుడైన ప్యాజే (1896–1980) ఇటువంటి పరీక్షలు చేసి, చిన్నపిల్లలు కంటికి కనిపించే పొడుగును నమ్ముతారని చెప్పాడు. మీరు వాదించకండి. గింజలను వాడి చేతనే మళ్ళీ దగ్గరకు జరిపించండి. కొన్నాళ్ళకు వాడే తెలుసుకుంటాడు.

పెనుకొండ పేరులోనే ఒక పాఠం ఉంది. పెను అంటే పెద్ద. 1565 యుద్ధం తరవాత విజయనగర రాజులు ఈ కొండకోటను రాజధాని చేసుకున్నారు. ఈ కొండ పెద్దదా, ఆ గుట్ట పెద్దదా? ఏది దగ్గర, ఏది దూరం? పోల్చటం కూడా లెక్కలలో భాగమే. మెట్లు కనిపిస్తే ఎక్కేటప్పుడు ఒకటి నుంచి పది దాకా, దిగేటప్పుడు పది నుంచి ఒకటి దాకా చెప్పించండి. ఎక్కితే కూడిక, దిగితే తీసివేత!

పది దాటాక పిల్లలు తడబడతారు. పదకొండు, పన్నెండు అనే మాటల్లో పదీ ఒకటీ, పదీ రెండూ దాగి ఉన్నాయి గాని పైకి కనిపించవు. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు అంటూ సాఫీగా సాగుతుంది. జర్మనీ పిల్లలు ఇరవై ఒకటిని "ఒకటీ ఇరవై" అని తిరగేసి నేర్చుకోవాలి, పాపం! మీరు పది చీపురుపుల్లలు దారంతో కట్టి, పక్కన విడిగా ఒక పుల్ల పెట్టండి. పదకొండు అంటే ఏమిటో తమ్ముడి కంటికే కనిపిస్తుంది.

ధర్మవరం పట్టుచీరల ఊరు. చీర అంచులో ఒక మామిడిపిందె, రెండు చుక్కలు, మళ్ళీ ఒక మామిడిపిందె ఉన్నాయనుకోండి. "తరవాత ఏమొస్తుంది?" అని అడగండి. వరసలోని క్రమాన్ని పట్టుకోవటమే గణితానికి మొదటి మెట్టు. ఆ తరవాత పాత చీర ఒకటి పరిచి మూరలతో కొలవండి. అమ్మ కొలిస్తే తక్కువ మూరలు, తమ్ముడు కొలిస్తే ఎక్కువ మూరలు వస్తాయి. చీర పెరిగిందా? లేదు, మూర చిన్నదయింది! అందుకే అందరికీ ఒకే కొలత కావలసివచ్చింది.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. మగ్గం దగ్గరో, పొలంలోనో రోజంతా పనిచేసేవారికి కూచోబెట్టి చదివించే తీరిక ఎక్కడిది? అది లేకపోయినా ఫరవాలేదు. "మనం నలుగురం, సంగటి ముద్దలు ఎన్ని? మామ కూడా వస్తున్నాడు, ఇప్పుడెన్ని?" అని కంచాలు పెట్టేటప్పుడు అడిగితే చాలు. చదువురాని తల్లి కూడా మూరలెక్కన పూలు కొంటుంది. ఆవిడే మొదటి పంతులు. పిల్లవాడు వేళ్ళు మడిచి లెక్కపెడితే కసురుకోకండి. తప్పు చెబితే, "ఇద్దరం కలిసి మళ్ళీ చూద్దాం" అనండి. అయిదేళ్ళప్పుడు తిట్లు తిని "నాకు లెక్కలు రావు" అనుకున్న బిడ్డ పదేళ్ళయినా ఆ మాట మరిచిపోలేడు. ఆ మాట వాడి నోట రాకుండా చూడటం మన చేతుల్లో ఉంది.

పిల్లలూ, ఇక మీకొక లెక్క. మూర అంటే అడుగున్నర. ఒక చీర సరిగ్గా 12 మూరలుంది. తమ్ముడి మూర ఒక్క అడుగే అయితే, వాడు కొలిచినప్పుడు ఎన్ని మూరలవుతుంది?